గుంజు

మూడు గోలీలు.
ఒకటి నీలం, ఒకటి పసుపు, ఒకటి ఆకుపచ్చ.
సన్నగొట్టం నోట్ల వెట్టి
"ఇగ కానియ్ ఇద్దమ్మా" అన్నది నౌషీన్.

నేను ఊదిన.
గోలీలు కదల్లే.
ఇంకా గట్టిగ ఊదిన.
ఎదబొక్కకు చుట్టిన తీగెలు చురుక్కుమన్నయి.

పిల్ల నవ్వింది:
"ఊదకు. గుంజు."

గుంజుడు నాకేడికెల్లి రావాలె బిడ్డా?
పదకొండేండ్లు బడిపిల్లలకు వండిన.
నూటనలభై పళ్లాలు.
వానకాలం పచ్చి తుమ్మకట్టె, ఇనుప ఊదుగొట్టం,
మోకాళ్లమీద వంగి ఊదితె
అన్నం వాళ్లకు, పొగంత నాకు,
బిల్లు ఏడునెలలకొకపారి.
నా నోటికి ఎరికైన తొవ్వ ఒక్కటే,
లోపట్నుంచి బయటికి.

పట్నంల కోసిండ్రు, నల్లగొండల నేర్పుతుండ్రు.
కాలుల నరం దీసి గుండెకు అతికిచ్చిండ్రంట.
గుండె మంచిగనే ఉన్నది గని
తిత్తులు అడుగున ముడుసుకపోయినయంట,
పిండి మూలకేసిన బట్టలెక్క.

నౌషీనుది లతీఫ్‌సాబ్ గుట్ట కింద ఇల్లు.
అరచెయ్యి దొప్పజేసి ఈపుమీద తడుతది,
గుమ్మిల గింజలున్నయో లేవో చూసినట్టు.
"దిండు ఎదకు కరుచుకొని దగ్గు" అంటది.
యాబైరెండేండ్లకు
దగ్గుడు గూడ నేర్సుకుంటున్న.

గంటకు పదిసార్లు.
గుంజు. ఆపు. ఒకటి, రెండు, మూడు. ఇడువు.
మంగళారం నీలంది లేసింది.
శుక్రారం పసుపుది
లేసి, నా మొకం జూసి, పడ్డది.
ఆకుపచ్చది అసలు నన్ను లెక్కజెయ్యది.

లోపటికి మొదాలు ఫినాయిలు వాసనొచ్చింది.
దానెనుకనే, పక్కమంచం కాడ
ఎవరో ఒలుస్తున్న బత్తాయి తొక్క.
దాన్ని ఇడువబుద్ధిగాలే.
నాలుగు, ఐదు దాక ఆపిన.
నౌషీన్ కోపం జేసింది.

రాత్రి మెలకువొచ్చి చూస్తె
మా ముత్తిలింగం,
మిర్యాలగూడ రైసుమిల్లుల
డెబ్బైకిలోల బస్త ఒక్క ఊపుల ఎత్తేటోడు,
చీకట్ల దొంగలెక్క
నా గొట్టం నోట్ల వెట్టుకున్నడు.
నీలంది సగం లేసి కూలబడ్డది.
మల్ల గుంజిండు.
తవుడు, బీడి, ముప్పైయేండ్ల దుమ్ము
అన్ని ఒక్కసారే దగ్గై లేసినయి.

"మోటుగ గాదు, మెల్లగ గుంజు" అన్న.
ఉలిక్కిపడి గొట్టం దుప్పట్ల దాసిండు.

దగ్గొస్తె ఏం జెయ్యాల్నో చెప్పింది గని
నవ్వొస్తె ఏం జెయ్యాల్నో
నౌషీన్ చెప్పలే.
దిండు గట్టిగ కరుచుకున్న.