చిట్టా, ఆవర్జా, ఒక కిటికీ

గుంటూరు మిర్చి యార్డు రెండో గేటు పక్కన
రేకుల గదిలో ఒక పాత కంప్యూటరు.
తుమ్మకుండా దాని ముందు కూర్చోవడం
పదకొండో రోజుకి గాని నాకు పట్టుబడలేదు.

పని చిన్నదే.
ఒక కిటికీ. అందులో మూడు గళ్ళు:
రైతు పేరు, కాయ రకం, కాటా తూకం.
కింద ఆకుపచ్చ బటన్ నొక్కితే చీటీ రావాలి.
"ఇంతే కదమ్మా, సాయంత్రానికి అయిపోద్దా?"
అన్నాడు కమీషన్ కొట్టు యజమాని
ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని.

నేను ఎంచుకున్న భాషలో
ఒకసారి కట్టిన విలువ మారదు.
నలభై రెండున్నర కిలోలంటే
ఊరు తలకిందులైనా నలభై రెండున్నరే.
అందులో ఫంక్షన్లు బుద్ధిమంతులు.
ఇచ్చింది పుచ్చుకుంటాయి, తేల్చింది చేతిలో పెడతాయి,
పొరుగింట్లో ఉప్పడగవు,
గోడ మీద బొగ్గుగీత గీయవు.
వాటిని రాసిన రాత్రి నిద్ర పడుతుంది.

కిటికీ అలా కాదు.
కిటికీ అంటేనే ఎవరో వేలు పెడతారు.
హమాలీ సుభానీ బస్తా దించినప్పుడు
కాటా మీద అంకె
నలభై, నలభై నాలుగు, నలభై ఒకటీ
ఉయ్యాల ఊగుతుంది.
కరెంటు పోతుంది.
బటన్ నొక్కేశాక రైతు అంటాడు,
"తేజ కాదండీ, మూడొందల నలభై ఒకటి."
నా మారని విలువలన్నీ
చేతులు కట్టుకుని నిలబడ్డాయి.

మొదటి వారం దొంగపని చేశాను.
మార్చుకోడానికి వీలయ్యే చిన్న డబ్బా ఒకటి
కోడ్ మూలన దాచాను.
దానికి తోడు ఇంకోటి.
శుక్రవారానికి పదిహేడు.
ఏ డబ్బాలో ఎవరు ఎప్పుడు చెయ్యి పెట్టారో
రాసిన నాకే అంతుచిక్కలేదు.
నల్లబోతు కోటయ్య బస్తాలు
కొండ్రు యేసుపాదం చీటీలో తేలాయి.
ఇద్దరూ నన్నేమీ అనలేదు.
చీటీని అన్నారు.
అదే ఎక్కువ మండింది.

ఆ మధ్యాహ్నం గుమాస్తా దరియావలి గారు
పొడుగు చిట్టా తెరిచి నా వైపు తిప్పారు.
కుట్టు దగ్గర ఎర్ర దుమ్ము, రెండు గింజలు.
"ఇదుగో, ఇక్కడ తప్పు రాశాను."
కొట్టివేత లేదు. బ్లేడుతో గీకింది లేదు.
ఆరు వరసల కింద ఇంకో పద్దు:
పైన బస్తా ఎక్కువ పడింది, తగ్గించడమైనది.
"గీకానంటే రేపు నేను రాసింది ఎవుడు నమ్ముతాడు?
చిట్టా జరిగింది చెబుద్ది.
ఆవర్జా అంటావా,
అది చిట్టా లోంచి తేలేదేగా!"
అని టీ తాగడానికి వెళ్ళిపోయారు.
తను ఏమన్నారో ఆయనకి తెలీదు.

లాడ్జి సెంటర్లో దిగడం మర్చిపోయి
బ్రాడీపేట గదికి వెనక్కి నడిచొచ్చాను.
రాత్రి ఒంటిగంటకి పదిహేడు డబ్బాలూ పోయాయి.
ఒక చిట్టా మిగిలింది.
నొక్కు ఒక పద్దు.
కాటా వణుకు ఒక పద్దు.
"తేజ కాదండీ" ఒక పద్దు.
ఖాళీ గోతాం మడిచినట్టు
ఆ వరసంతా మొదట్నుంచీ మడుచుకుంటూ వస్తే
చివర్న చేతిలో తేలేదే కిటికీ.
ప్రతి నొక్కుకీ కొత్త కిటికీ,
ఎవరూ పాతదాన్ని తుడవలేదు.

ఇప్పుడది నడుస్తోంది.
దరియావలి గారు మాత్రం కాగితం మానలేదు,
దీపాలు పెట్టే వేళ రెండూ సరిపోల్చుకుంటారు.
మొన్న ఒక బస్తా తేడా వచ్చింది.
తప్పు నాదే. కింద ఇంకో పద్దు రాశాను.

ఇవాళ సుభానీ, మౌసు సంగతి తెలియక,
ఆకుపచ్చ బటన్‌ని తెర మీదే వేలితో నొక్కాడు.
ఏమీ కాలేదు.
గాజు మీద ఎర్రటి ముద్ర పడింది.
నా చిట్టాలో దానికి పద్దు లేదు.
తుడుద్దామని గుడ్డ తీశాను గానీ
తుమ్మొచ్చింది.