భూతానికి కూలెంత

ఆదివారం మధ్యాహ్నం, కాశీబుగ్గ.
షట్టరు సగం దించి
జెరాక్సు మిషను మీద దుప్పటి పరిచాను.
మూడేళ్లుగా మా క్యారమ్‌ బోర్డుకి అదే బల్ల.
ఇవాళ బోర్డు గోడవైపు తిరిగి ఉంది,
అలిగిన అల్లుడిలా.

"ఏట్రా, స్ట్రైకరు పోనాదా?" అన్నాడు తవిటినాయుడు.
పోలేదు. కొత్త ఆట తెచ్చాను.
మూడొందల పన్నెండు పేజీలు.
నా టోనరు, నా కాగితం.
పెళ్లికార్డుల గిరాకీ లేని మూఢంలో
రాత్రిళ్లు కూచుని తెలుగు చేసుకున్నాను.
సారాకొట్టుని సత్రం చేశాను,
మంచుకొండని మహేంద్రగిరి చేశాను.
చెవులు మొనదేలిన ఆ అడవి మనుషులకి మాత్రం
ఎన్ని రోజులు తన్నుకున్నా పేరు కుదరలేదు.

"గెలిస్తే ఏటొస్తాది?" ఢిల్లేశు.
ఎవరూ గెలవరు.
"ఓడిపోతే?"
ఓడరు కూడా. కథ జరుగుద్ది, అంతే.
జగబంధు లేచి చెప్పులు వెతుక్కున్నాడు.

అప్పుడు తీశాను సంచీలోంచి
ఇరవై మొహాల పాచిక,
రేగుపండంత, నీలంగా.
జగబంధు మళ్లీ కూచున్నాడు.
అరచేతిలో దొర్లించి
"పిక్క బాగుంది, పప్పెంతుంటాదో" అన్నాడు,
బట్టీ దగ్గర పదేళ్లు జీడిపిక్కలు కాల్చినవాడు.

గొంతు మార్చి మొదలెట్టాను.
మీరు సొరంగంలో ఉన్నారు.
ఎదురుగా ఇనుప తలుపు.
ఏం చేస్తారు?

ముగ్గురూ నా మొహమే చూశారు.
"ఏటి సెయ్యమంటావో నువ్వే సెప్పు."

తవిటినాయుడికి పన్నెండేళ్లుగా
ఫోనొస్తే రైల్వేగేటు వెయ్యడం,
ఫోనొస్తే తియ్యడం.
ఏం చేస్తావని అడిగినవాడు లేడు.
చాలాసేపటికి అతనే గొణిగాడు:
"అవతల ఏదైనా వస్తందేమో, ముందు ఇంతాను."
వంగి, పట్టా మీద పెట్టినట్టు
దుప్పటి మీద చెవి పెట్టాడు.
ఎవరూ నవ్వలేదు.
ఆట మొదలైందని నాకప్పుడు తెలిసింది.

కరెంటు పోయింది.
షట్టరు కిందనుంచి దూరి వచ్చింది దమయంతి.
ఆధారు కార్డు రెండు కాపీలు కావాలిట,
డిపోలో మిషను వేలు గుర్తుపట్టడం లేదు.
జీడితొక్క రసం తిన్న వేళ్లు,
గీతలు ఎప్పుడో చెరిగిపోయాయి.
కరెంటొచ్చేదాకా కూచోమన్నాను.

తలుపు తెరుచుకుంది. లోపల నిధి.
నిధి మీద భూతం,
మూడొందల ఏళ్ల కాపలా.
ఢిల్లేశు కత్తి దూశాడు,
కత్తంటే నా షాపు స్కేలు.
"ఆగండి బావూ" అంది దమయంతి మూలనించి.
"ఆ భూతానికి కూలెంత?"

ఫోను వెలుగులో పేజీలన్నీ తిరగేశాను.
బలం ఉంది, వేగం ఉంది,
నిప్పుకి లొంగదని ఉంది,
అమావాస్యకి రెట్టింపని ఉంది.
కూలి లేదు.
"నేదా? మూడొందల ఏళ్లూ?"
ఆమె ముందుకి జరిగి దుప్పటి అంచు మీద కూచుంది.
"అయితే అడగండి దాన్ని,
మనతోటి వచ్చేస్తాదేటని."

రూలు లేని చోట పాచికే రూలు.
పదిహేను దాటితే వస్తుందన్నాను.
నల్లబడ్డ రెండు వేళ్ల మధ్య పట్టుకుని
విసిరింది.
దుప్పటి మీద ఆగలేదు,
నేల మీద పడి మిషను అడుక్కి పోయింది.

నేనే పాక్కుంటూ వెళ్లాను.
బూజు, స్టేప్లరు పిన్నులు, పగిలిన బల్లిగుడ్డు,
ఆ మూల పాచిక.
మూడు.
"ఎంతరా?" పైన నాలుగు గొంతులు.
మూడు పడితే భూతం లేచి అందర్నీ నమిలేస్తుంది.
పుస్తకంలో అలాగే ఉంది,
నేనే కదా తెలుగు చేసింది.

"పద్దెనిమిది" అన్నాను.

క్యారమ్‌లో రెడ్డు పడ్డప్పుడు కూడా
వీళ్లింత అరవలేదు.

కరెంటొచ్చేసరికి
తవిటినాయుడు భూతాన్ని బయటికి దారి అడుగుతున్నాడు.
సొరంగాన్ని దుప్పటితో సహా ఎత్తి నేల మీద పెట్టాం.
మిషను వెలుగు ఆ చివర్నుంచి ఈ చివరికి నడిచింది.
రెండు కాపీలు, నాలుగు రూపాయలు.
చిల్లర లెక్కపెట్టి ఇస్తూ అడిగింది:
"అదేటి తింటాది బావూ?"

పుస్తకంలో చూసి చెప్తానన్నాను.
ఉండదని తెలుసు.