మెట్ల తాళం

పాలకొండ రోడ్డు మలుపులో
ఇప్పుడు మా మాల్ ఉన్నచోట అంతకుముందు రైసుమిల్లు.
ఊక పొగకి ఆ వీధి గోడలన్నీ ఒకటే రంగు.
నాన్న అక్కడ హమాలీ.
వాలుపలక మీద డెబ్బయ్యైదు కిలోల బస్తా,
మెడ వెనక నిమ్మకాయంత కాయ,
రోజుకి ఎన్నిసార్లు ఎక్కాడో
మేస్త్రీ గోడ మీద గీసిన బొగ్గు గీతలు.

మిల్లు పడగొట్టాక
పావురాలు మూడు రోజులు పైనే తిరిగాయి,
వాలడానికి కప్పు లేక.

ఆపైన రెండేళ్ళకి, దసరా ముందు,
మహేంద్రగిరి మాల్ తలుపులు తెరిచారు.
అద్దాలు, చల్లగాలి,
మాలో ఎవరమూ చూసెరగని కదిలే మెట్లు.
నా ఉద్యోగం
ఆ మెట్ల మొదట్లో నిలబడి చెయ్యందించడం.
నీలం చీర, గుండె మీద పేరు బిళ్ళ: ఎ. పైడిరత్నం.
నెలకి మూడువేల రెండొందలు.

హిరమండలం నుంచి, ఆమదాలవలస నుంచి
ఆటోల నిండా వచ్చారు.
కొనడానికి కాదు, ఎక్కడానికి.
చెప్పులు కింద విడిచి,
వంగి మొక్కబోతే
మొక్కు అందకుండానే మెట్టు పైకి వెళ్ళిపోయేది.
"ఒలమ్మో, నడిసిపోతంది, నానొల్లను"
అంటూనే నా మణికట్టు పట్టుకుని ఎక్కిన
సీతంపేట సవరమ్మ
పైకెళ్ళాక ఫక్కున నవ్వి
మళ్ళీ దిగొచ్చి, మళ్ళీ ఎక్కి,
పదకొండుసార్లు.
ఏమీ కొనలేదు. పోతూ పోతూ
బుట్టలో మిగిలిన అనాసపండు నా చేతిలో పెట్టింది.

నాన్నని నేనే తీసుకొచ్చాను.
ఎక్కలేదు. చాలాసేపు చూశాడు.
"మెట్టే మోసుకెల్లిపోతంది గదే.
మరిన్నాళ్ళూ నా మెడకేటి పని?"
పక్కనున్న రాతిమెట్ల మీదుగా
ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ పైకొచ్చి
గోళీసోడా లేదా అని అడిగాడు.
లేదు.

తిత్లీ తుఫాను తర్వాత
ఉద్దానం నుంచి మనుషులు లారీల మీద దిగారు.
ఒక్కొక్కరి భుజాన బియ్యం సంచి,
సంచిలో బియ్యం కాదు, ఊరందరి ఫోన్లు.
మా జనరేటరు ఒక్కటే మోగుతోంది.
మెట్లు ఆపేశాం, ఏసీలు ఆపేశాం,
నగల షోకేసుల్లో హారాలు తీసి
వరసగా ఫోన్లు పెట్టాం.
చీటీలకి కాగితం లేకపోతే
చొక్కాల ధర ట్యాగులు తెంపి
వెనక పేర్లు రాసి కట్టాం.
బొర్ర తవిటయ్య, ఎనిమిదొందల తొంభైతొమ్మిది.
గెడ్డపు దమయంతి, సగం ధర.

సాయంత్రం నాలుగింటికి సిగ్నల్ వచ్చింది.
అద్దాల వెనక నూట నలభై ఫోన్లు
ఒక్కసారే పురుగుల్లా కదిలాయి.
చెన్నై, సూరత్, ఏదో ఓడ మీద నుంచి ఒకబ్బాయి.
అందరం ఎత్తి ఒకటే మాట చెప్పాం:
"బతికే ఉన్నారు బావూ, చెట్లే పోనాయి."
అది నిజమో కాదో
మాకెవరికీ తెలీదు.

ఇప్పుడు హైవే పక్కన ఇంకా పెద్దది కట్టారు.
మా రెండో అంతస్తులో బొమ్మల కొట్టు పోయింది,
ఒంటి చెయ్యి లేని బొమ్మ ఒకటి మాత్రం
జాకెట్టు లేకుండా నిలబడి ఉంది; దానికి నేనే చున్నీ కప్పాను.
మూడో అంతస్తులో
కానిస్టేబుల్ పరీక్షకి చదివే కుర్రాళ్ళు,
తెల్లారి నాగావళి ఒడ్డున పరుగు ముగించి
ఒక టీ, నాలుగు కప్పులు, సాయంత్రం దాకా.
వాచ్‌మన్ సూరపునాయుడు వాళ్ళని లేపడు.
వాళ్ళలో ఇద్దరికి లెక్కలు కూడా చెబుతాడు,
తప్పులే ఎక్కువ.

కరెంటు బిల్లు భయానికి
మామూలు రోజుల్లో మెట్లు నడపొద్దన్నారు.
ఆగిపోయిన మెట్లు మామూలు మెట్ల కన్నా ఎత్తు,
ఎక్కితే తెలుస్తుంది.
తాళం నా నడుముకే ఉంటుంది.
ఎవరైనా వచ్చి
కింద నిలబడి, పైకి చూసి,
మోకాలి మీద చెయ్యి వేశారంటే
తిప్పుతాను.

ముందు లోపలెక్కడో ఒక మూలుగు.
తర్వాత మెట్లు ఒక్కొక్కటే
వీపు లేపుతాయి.