ఎంగిలి చెయ్యి

మిర్చి యార్డులో ఒంటిగంటకి
తుమ్ములు కూడా అలిసిపోతాయి.
తొడిమలు తీసే ఆడవాళ్లు
చేతులు ఇసకలో రుద్దుకుని క్యారేజీలు విప్పుతున్నారు.
కోయంబత్తూరు మసాలా కంపెనీ కుర్రాడు
టై వదులు చేసుకుంటూ
‘మిగతాది లంచ్‌లో మాట్లాడదాం’ అన్నాడు.

నేను కొట్లో చేరి తొమ్మిదో రోజు.
నోట్‌బుక్కు తీశాను.
సైదావలి గారు దాన్ని మూసి
నా చంకలోనే ఇరికించారు.
‘అన్నం దగ్గర పుస్తకం తెరిస్తే
మెతుకులు లెక్కపెట్టినట్టుంటుందిరా.’

అరండల్‌పేట మెస్సు మెట్లెక్కుతూ
నా చెవిలో ఒకటే నస:
ఫ్యాన్ కింద కుర్చీ అతనిది.
నువ్వు గోడవైపు కూర్చో,
వడ్డించేవాడు అతనికి కనపడాలి.
నెయ్యి కావాలా అని అడక్కు, అడిగితే
మర్యాదకి వద్దంటారు, గిన్నె అటు జరిపెయ్.
మన కారం గురించి గొప్పలు పోకు,
మనకది పుట్టుక, వాళ్లకది పరీక్ష.
పప్పులో వానల సంగతి, పులుసులో రైళ్ల సంగతి,
పెరుగు దాటేదాకా
రేటు నీ నోట రాకూడదు.

‘టోకెన్లు మూడా?’ అన్నాడు గల్లాపెట్టె దగ్గర.
సైదావలి గారు కిందికి చూశారు.
సరుకు తెచ్చిన అంకమ్మరావు
మెట్ల కింద, చెప్పులు విడిచి, నిలబడి ఉన్నాడు.
‘నేను తరవాత తింటాలే సాయిబూ.’
‘నాలుగు’ అన్నారు సైదావలి గారు,
డబ్బు అప్పుడే కట్టేశారు,
ఆఖర్న జేబులు తడుముకునే పెనుగులాట లేకుండా.
కిందికి దిగి మోచెయ్యి పట్టుకుని తెచ్చారు.
నా పక్కన కాదు,
కుర్రాడి పక్కన కూర్చోబెట్టారు.
కుర్రాడు కుర్చీ రవ్వంత జరిపాడు.
ఎటు జరిపాడో నేను చూశాను,
అంకమ్మరావూ చూశాడు.

గోంగూర వచ్చింది.
కుర్రాడు నెయ్యి లేకుండానే పెద్ద ముద్ద కలిపాడు.
చెవులు ఎర్రబడ్డాయి, కళ్లలో నీళ్లు,
ముక్కు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.
ఎవరూ నవ్వలేదు.
అంకమ్మరావు ఎడంచేత్తో గిన్నె అందుకుని
అతని విస్తట్లోకి నెయ్యి వంచాడు.
‘మా చేలోదేనేమో బాబూ,
దానికి కోపం ఎక్కువ.’
అప్పుడు నవ్వాడు కుర్రాడు, ఏడుస్తూనే.
కుర్చీ మళ్లీ జరిగింది.

సాంబారు ఇంకా పడలేదు,
అతను ఉండబట్టలేక అడిగేశాడు:
‘క్వింటాలు ఎంతకిస్తారు?’
అంకమ్మరావు నోరు తెరిచాడు.
రాత్రంతా లారీ మీద పడుకుని వచ్చినవాడు,
ఎంతకైనా ఇచ్చేసేలా ఉన్నాడు.
సైదావలి గారు
పప్పు అంటిన కుడిచెయ్యి పైకెత్తి చూపించారు.
‘ఎంగిలి చెయ్యి సార్.
దీంతో లక్ష్మిని ముట్టుకోం మా ఊళ్లో.’
ఆ ఆచారం నిజంగా ఉందో
అప్పటికప్పుడు పుట్టిందో
నాకు ఇవాళ్టికీ తెలీదు.
అంకమ్మరావు నోరు మూసుకుని
నిదానంగా ముద్ద కలుపుకున్నాడు.

పెరుగన్నం అయ్యాక
కుర్రాడు విస్తరి వంక అయోమయంగా చూశాడు.
అంకమ్మరావు అతని వైపు చూడకుండా
తన విస్తరి మెల్లగా, చాలా మెల్లగా,
తన వైపుకి మడిచాడు.
కుర్రాడూ మడిచాడు.

ధర ఇప్పుడు తెర మీదే పడుతుంది యార్డులో.
అయినా, కుళాయి దగ్గర తడిచేతులతో
సైదావలి గారు భుజం మీది తువ్వాలు తీసి
ఆ ఇద్దరి చేతుల మీద కప్పారు.
కింద ఏ వేలు ఏ వేలిని పట్టుకుందో
నాకు కనపడలేదు.
తువ్వాలు రెండుసార్లు కదిలింది,
మూడోసారి ఆగింది.

సాయంత్రం నోట్‌బుక్కు తెరిచాను:
నలభై ఆరు టిక్కీలు, తూకం, తరుగు, హమాలీ కూలి.
నాలుగు భోజనాలు ఏ పద్దు కింద రాయాలి
అని అడిగాను.
సైదావలి గారు కిళ్లీ దవడ మార్చుకున్నారు.
‘రాయకు.’