అరవై రూపాయల దారి

పొద్దుగాల నూనె ప్యాకెట్‌కు స్కాన్ చేస్తే
ఫోన్ ఎర్రగ ఉరిమింది.
మల్లోసారి కొట్టిన. మల్ల గదే.
కాజీపేట జంక్షన్ ముంగట
పదకొండేండ్ల సంది సర్వపిండి కాలుస్తున్న,
ఎవ్వల్కీ గవ్వ బాకీ లేను.

బ్యాంకాయన అద్దంలకెల్లి చూసి
"నీ ఖాతా ఆపిండ్రు ఓదెమ్మా" అన్నడు.
"ఎవలు సారూ?"
"పై నుంచి వచ్చింది."
పై నుంచి వాన వస్తది, ఎండ వస్తది,
గిదేం వచ్చుడు?

హన్మకొండ సైబర్ ఠాణాల
స్వరూప అనే కానిస్టేబుల్ పిల్ల
కుర్చీ జరిపి కూసోవెట్టింది,
కంప్యూటర్ నా దిక్కు తిప్పింది.
ఒక గీత. గీతకు కొమ్మలు. కొమ్మలకు రెమ్మలు.
"మొదలు గీడ చూడమ్మా."

మొదట్ల, నాగపూర్ దిక్కు ఒక నర్సమ్మ.
కరెంటు కట్ చేస్తమని ఎవడో ఫోన్ల బెదిరిచ్చిండు,
లింకు ఒత్తింది,
నాలుగు లక్షల పదహారు వేలు
చాయ్ సల్లారేలోపట వోయినయ్.
ఆమె ఏడ్సుడు ఎన్కకు వెట్టి
ఒకటి తొమ్మిది మూడు సున్నా కొట్టిందట,
ఇరవై నిమిషాలల్ల.

ఆడికెల్లి ఢిల్లీ ఆఫీసుల నిద్ర లేనోళ్లు
పైసల ఎన్క వడ్డరట.
ఒక తలుపు మూసేలోపట ఇంకో తలుపుల దూరినయ్,
మూడు ఖాతాలు, తొమ్మిది, నలభై.
చెర్వు కట్ట తెగితె
కాలువ కాలువకు మట్టి మూటలేసినట్టు
యాడ తడి కనిపిస్తె ఆడ మూసుకుంట వచ్చిండ్రు.

గా తడి నా బండి కాడ ఆరింది.

ఏప్రిల్ పదమూడు, పొద్దుమీకి ఆరూ నలభై.
అరవై రూపాయలు.
రెండు సర్వపిండ్లు, ఒకటి కారం ఎక్కువ.
యాదికొచ్చిండు గా పిలగాడు:
దుమ్ము పట్టిన బూట్లు,
సికింద్రాబాద్ బండి వోతదని
నిలవడే తిన్నడు, ఊదుకుంట.
"మంచిగున్నయ్ అమ్మా" అన్నడు.
దొంగోడో, దొంగోనికి ఖాతా కిరాయికిచ్చినోడో,
ఆకలి మాత్రం వాని సొంతమే.

నాకు కోపమొచ్చింది.
అరవైకి పద్దెనిమిది వేలు బంద్ వెడ్తరా?
ఎలుక దూరిందని ఇంటికి అగ్గి వెడ్తరా?
స్వరూప తల దించింది.
"నిజమే అమ్మా. అరవై వరకే ఆపుమని రాస్త.
ఆ ఊరి ఠాణోళ్లు జవాబియ్యాలె.
పది దినాలు... ఎక్కువే పట్టొచ్చు."
నా ముంగటే రాసింది.
నా పేరు తప్పు వడితె చెరిపి మల్ల రాసింది.

బయటికొచ్చిన. మల్ల లోపలికి వోయిన.
కొంగు ముడి ఇప్పి మూడు ఇరవైలు
బల్ల మీద వెట్టిన.
"గా నర్సమ్మకు పంపు బిడ్డా."
"గట్ల కాదమ్మా, దానికి కోర్టు కాయితం కావాలె"
అని నవ్వింది, నవ్వుడు ఆపింది.

ఇయ్యాల బండికి అట్టముక్క కట్టిన:
చిల్లర ఉంటెనే కొనుండ్రి.
గిరాకి సగమైంది.
పిండి ఒత్తి, నూనె దిగనీకి
వేలుతోని బొక్కలు వొడుస్తున్న.
ఒక్కో బొక్క ఒక్కో ఖాతా లెక్క కండ్లవడ్తది.
ముఖం తెల్వని ఆమె యాదికొస్తది.
నాలుగు లక్షలల్ల ఎంత దొరికిందో ఏమో.
కాజీపేటల ఒక అరవై పదిలంగ ఉన్నయని
ఎవలన్న ఆమెకు చెప్పిండ్రో లేదో.