దండాసి ఎడం చెయ్యి

పర్లాకిమిడిలో కరెంటు
రాత్రి పదకొండు దాటాకే కుదురుగా ఉంటుంది.
వంటగది తలుపు మూసి, సందుల్లో పాత చీర కుక్కి,
బియ్యం డబ్బా మీద ఫోను నిలబెట్టి
సన్నాయి నోట పెట్టుకుంటాను.
చెవిలో ఎవరో టిక్కు టిక్కుమంటుంటారు,
ఎవరూ కారు.

టార్టు అనే ఊళ్ళో మెర్లె అని ఒకామె, సెల్లో వాయిస్తుంది.
అక్కడింకా భోజనాల వేళ, కిటికీ అవతల మంచట.
పేరుకి బదులు మూడంకెలు పెట్టుకున్న ఇంకొకడు
అందరివీ పోగేసి, కడిగి, అతికి, తిరిగి పంపుతాడు.
వాళ్ళు నన్ను ఏ వీధి అని అడగలేదు.
ఇది మర్చిపోకుండా రాసుకోవాలి:
ఏ వీధి అని అడగలేదు.

మహేంద్రతనయకి ఈవలైనా ఆవలైనా
ఏ పెళ్ళిలోనైనా
తాళి కట్టే క్షణం నా ఊపిరి మీదే నిలబడుతుంది.
నా విస్తరి మాత్రం ఆఖరి బంతిలో,
పప్పు అడుగంటాక.
బడిలో ఒడియా నేర్చాను, ఇంట్లో తెలుగు.
సన్నాయికి రెండూ రావు,
అయినా దాని కులం దానికి ఎవరో చెప్పేశారు.

మరి దండాసి మావ?
మా అయ్య పక్కన ముప్పయ్యేళ్ళు, నా పక్కన పన్నెండు,
అదే డోలు.
పోయినేడు జ్వరం వచ్చి తగ్గాక
ఎడం చేతి పుల్ల వెంట్రుకవాసి వెనకబడుతోంది.
మొదటి ఊరేగింపులో నేను ముందెళ్ళిపోయాను.
తిరిగి చూస్తే
తల వంచుకుని వాయిస్తున్నాడు, ఏదో దొంగిలించినవాడిలా.
అప్పట్నించి ప్రతి ఆవర్తం చివరా
కాస్త ఊపిరి దాచుకుంటాను,
ఆ చెయ్యి వచ్చి చేరాకే వదుల్తాను.
దీని గురించి మేం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.
గుణుపురం రైలు గేటు దగ్గర, జనరేటర్ పొగలో,
బైరాగి తాళాలు కూడా ఇప్పుడు
ఆ జాగా చూసుకునే కలుస్తున్నాయి.

మాఘంలో ముహూర్తాల్లేని ఓ రాత్రి
మావని వంటగదిలో పీట మీద కూర్చోబెట్టాను.
చెవిలో టిక్కు పెట్టబోతే
"ఈగ దూరినట్టుందిరా" అని పీకేశాడు.
వట్టి చెవుల్తోనే వాయించాడు.
పంపేశాను.

మూడోనాడు తిరిగొచ్చింది.
అంకెలవాడు మర్యాదగానే రాశాడు:
డోలు అక్కడక్కడా తప్పుతోంది, సరిచేశాను.
నిజమే, గీత గీసినట్టుంది.
సెల్లో దాని కింద కంబళిలా పరుచుకుంది.
మావ ఫోను చెవికి ఆనించుకుని
కళ్ళు మూసుకుని మొత్తం విన్నాడు,
తొడ మీద వేళ్ళు ఆడిస్తూ,
ఆ వేళ్ళు వెనకబడుతూ.
"బాగా వాయించినాడ్రా. ఎవుడీడు?"

నేను చెప్పలేదు.
"మన పాతపట్నం ఓడేటి?" అని మళ్ళీ అడిగాడు.
పొయ్యి మీద టీ పొంగి
మంట ఆరిపోయింది.

ఆ రాత్రి రాయడానికి కూర్చున్నాను.
అది తప్పు కాదు అని రాశాను. కొట్టేశాను.
ఆ ఖాళీ ఆయనది అని రాశాను. అదీ కొట్టేశాను.
ఆ ఖాళీలో నేను కాపలా ఉంటానని
వాళ్ళ భాషలో ఎలా అంటారో తెలీదు.
ఆఖరికి ఒక్క ముక్క: ముందున్నట్టే ఉంచండి.

అంకెలవాడు ఇంతవరకూ పలకలేదు.
మెర్లె మాత్రం ఓ తునక పంపింది, పదకొండు సెకన్లు.
ఆవర్తం చివర విల్లు ఎత్తి, ఆగింది.
కావలసినదానికంటే ఎక్కువే ఆగింది,
కొత్త కదా.

రేపు కాశీనగరంలో పెళ్ళి, ఐదింటికి జీపు.
విస్తరి ఎక్కడో తెలిసిందే.
దారిలో మావకి ఆ పదకొండు సెకన్లు వినిపించాలా, వద్దా,
వినిపిస్తే ఏమని చెప్పాలి,
డోలు వారు బిగిస్తూ ఆలోచిస్తున్నాను.