రెండొంతుల ఆకాశం

పొగచూరిపోయిందని నా దగ్గరికి తెచ్చారు.
పాల సొసైటీ మీటింగు గదిలో
పొయ్యికి ఎదురుగోడన తొంభై ఏళ్లు వేలాడిందట.
చుట్టపొగ, కాఫీ ఆవిరి, వెన్న ధర మీద తగవులు
అన్నీ దాని మీదే పేరుకున్నాయి.

"తుడవండి, కింద కాస్త వెలుతురుండే ఉంటుంది"
అన్నాడు కార్యదర్శి ట్రోల్స్,
చిమ్నీ శుభ్రం చేయించే మనిషి గొంతుతో.

దూదిపుల్లకి నా ఉమ్మే తడి.
ఏ మందూ ఇంత మెల్లగా అడగదు.
పొద్దున గోరంత ఆకాశం,
రొట్టె తిన్నాక మరో గోరంత.
దూది పసుపుపచ్చనై, తర్వాత కషాయం రంగు.
కిటికీ తీస్తే ఫ్యోర్డ్ మీద వాన.
ఏది పటమో ఒక్క క్షణం తెలిసేది కాదు.

మూడో వారానికి తెలిసింది
పసుపంతా పొగది,
చీకటి మాత్రం ఆయనదే.

ఇన్నాళ్లూ ఆ పొగే కాస్త వెచ్చదనం పూసింది.
అది పోయాక, కోత కోసిన రై చేను మీదికి
సీసపు మబ్బు ఇంకో జానెడు దిగింది.
పీట్ తవ్విన గుంతలో నీళ్లు,
ఎవరి ముఖమూ చూపించని నీళ్లు.
దూరాన ఒక ఇల్లు. దీపం పెట్టలేదు.
పెట్టే వేళ కాలేదేమో. లేక నూనె లేదేమో.

మబ్బులో ఒకచోట ఇసుక రేణువులు.
అంటే గాలికి వీపొడ్డి ఆరుబయటే గీశాడు.
పక్కనే ఈగ రెక్క, సగం.
తియ్యలేదు. రిపోర్టులోనూ రాయలేదు.

పటం వెనక పెన్సిల్ రాత ఉంది,
చిత్రకారుడిది కాదు, చేను ఆసామిది:
"ఆకాశం రెండొంతులు, నేల ఒక వంతు.
నేను పన్ను కట్టేది నేలకే కనుక
ఆ ఒక్క వంతుకే వెల ఇచ్చాను, రెండు బస్తాల రై.
మిగతాది ఆయనే ఉంచుకోవచ్చు.
లౌస్ట్ క్యేర్."

ట్రోల్స్ వచ్చాడు. వానకోటు విప్పకుండా
చాలాసేపు నిలబడ్డాడు. నేల మీద మడుగు కట్టింది.
వెనక రాత చదివి నవ్వాడు,
మళ్లీ ముందువైపు తిప్పాక నవ్వలేదు.

"ఆ పొగ... తిరిగి పుయ్యడం కుదురుతుందా?"

కుదరదన్నాను.
మీరే కూర్చుని పట్టించాలి, ఇంకో తొంభై ఏళ్లు.
"ఇప్పుడక్కడ చుట్ట కాల్చనివ్వరు" అన్నాడు,
తప్పు తనదే అన్నట్టు.

దుప్పటి చుట్టి, వెల్లకిలా పట్టుకుని
వ్యాను దాకా ఇద్దరం మోశాం.
నేల వైపు ఆయన పట్టుకున్నాడు.
రెండొంతులు నా వైపు.